నావి కాని చప్పట్లు

మా తమ్ముడికి ఖురాన్ మొత్తం కంఠస్థం. అయినా తరావీహ్‌లో వాడు ముందు నిలబడింది ఏడు రాత్రులే. ఏడో రాత్రి కూడా పూర్తిగా కాదు. ఆ రాత్రి ఏమైందని ఎవరడిగినా "కరెంటు పోయింది, అంతే" అని చెప్పి చాలా ఏళ్లు తప్పించుకున్నాను. కరెంటు పోయిన మాట నిజమే.

రంజాన్ నెలలో రాత్రి ఇషా నమాజు తర్వాత చదివే అదనపు నమాజే తరావీహ్. తప్పనిసరి కాదు, ఇష్టంతో చదువుకునేది. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్ ముందు నిలబడి, పుస్తకం చూడకుండా, రోజుకింత చొప్పున నెలలో ఖురాన్ మొత్తం వినిపిస్తాడు. ఆయన వెనకే ఇంకో హాఫిజ్ నిలబడి చెవులు రిక్కించి వింటాడు. ముందున్నాయన తడబడితే వెనకాయన మాట అందిస్తాడు. దాన్ని లుక్మా ఇవ్వడం అంటారు. లుక్మా అంటే నోట్లో పెట్టే ముద్ద. ఆ పేరు పెట్టిందెవరో గానీ ఆకలి తెలిసినవాళ్లే అయి ఉంటారు.

మాది కథలాపూర్ పక్క పల్లె. నాయన పరుపులకు దూది ఏకేవాడు. మసీదులో అరబ్బీ, ఇంట్లో తెలుగు, అంతే మాకు తెలిసింది. తమ్ముడు మదర్సా నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా నేను బీడీలు చుడుతూ వాడి చదువు వినేదాన్ని. తంబాకు చేతులతో ఖురాన్ ముట్టొద్దని అమ్మ పక్కన కూర్చుని పేజీలు తిప్పేది. నేను చూస్తూ తప్పులు పట్టేదాన్ని. అట్లా ఏళ్ల తరబడి వినీ వినీ నాకూ సగానికి పైగా నోటికి వచ్చేసింది. తప్పు పట్టడంలో నాకు పెట్టింది పేరు. వాడు ఒక్క అక్షరం మింగినా ఊరుకునేదాన్ని కాదు. "అక్క కాదు, పోలీసు" అని అమ్మతో చాడీలు చెప్పేవాడు.

నేను పెళ్లై కోరుట్ల వచ్చాక మా గల్లీలోని చిన్న మసీదుకు ఆ ఏడు హాఫిజ్ దొరకలేదు. మసీదు పెద్దాయన కాళ్లావేళ్లా పడి తమ్ముణ్ని పెట్టించాను. ఆయన ముందు నవ్వాడు.

"మీ ఇంట్ల మాట్లాడేదే తెలుగాయె. పిల్లగాడు అరబ్బీల సదువుతడా, తెలుగుల సదువుతడా?"

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "ఇన్నంక చెప్పు చాచా, గిప్పుడే ఎందుకు" అన్నాను. ఆయనకు నా నోరు నచ్చలేదు గానీ ఒప్పుకున్నాడు. నెల మొత్తం బాగా చదివిస్తే ఏడాది పొడుగునా నమాజు చదివించే ఇమాంగా వాణ్నే ఉంచుతామన్నాడు. లేకపోతే వాడికి సిరిసిల్లలో మరమగ్గాల పని తయారుగా ఉంది. మా మామ అప్పటికే ఒక షెడ్డులో మాట్లాడి పెట్టాడు. మగ్గాల చప్పుడులో వాడి గొంతు పోతుందని నా భయం. వాడి గొంతు అంత బాగుండేది మరి.

అవి తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వెలసిన రోజులు. మా మసీదు పక్క చౌరస్తాలోనూ దీక్షల టెంటు ఉండేది. పొద్దంతా ఉపన్యాసాలు, చీకటి పడ్డాక డప్పులు, పాటలు, చప్పట్లు. తరావీహ్ మొదలైన రోజే టెంటువాళ్లు తమంతట తామే వచ్చి పెద్దాయనతో ఒక మాట అనుకున్నారు. మసీదు మీద పచ్చలైటు వెలుగుతున్నంతసేపూ పాట బంద్. లైటు ఆర్పితే నమాజు అయినట్టు. ఆరు రాత్రులూ వాళ్లు మాట తప్పలేదు. ఆ ఏర్పాటు గురించి నేను చుట్టాలందరికీ గొప్పలు కూడా చెప్పుకున్నాను. రోజూ కరెంటు పోయే ఊళ్లో ఉండి కరెంటు లైటును నమ్ముకున్నామన్న బుద్ధి మాలో ఒక్కరికీ పుట్టలేదు. అంత తెలివైనవాళ్లం!

వెనక నిలబడి వినే హాఫిజ్‌ది జగిత్యాల. ఆరో రాత్రి నమాజయ్యాక ఇంటికి పోయాడు. ఏడో రోజు బంద్, రోడ్ల మీద బస్సు లేదు, ఆయన రాలేకపోయాడు. ఆ పొద్దున మా బీడీల ఆడవాళ్లమంతా చౌరస్తాలో బైఠాయించాం. ఉపవాసం ఉండి కూడా నేను గొంతు చించుకుని జై తెలంగాణ అన్నాను. మా వరుసలో నాదే పెద్ద గొంతు. పోలీసాయన కర్ర చూపించి బెదిరిస్తే ఇంకా గట్టిగా అరిచాను. అల్లా తోడు, ఆ రోజు నాకు ఎవరి భయమూ లేదు.

సాయంత్రం ఇఫ్తార్ దగ్గర తమ్ముడు దిగులుగా కూర్చున్నాడు. ఖర్జూరం నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు.

"ఎనక ఇనెటోళ్లు లేరక్కా. ఇయ్యాల వచ్చేది కష్టమైన భాగం."

"నేను లేనా?"

"నీ గొంతు పొద్దున్నే పాయె. ఇంక లుక్మా ఏమిస్తవ్?"

"గొంతెందుకురా, చేతుల్లేవా నాకు?"

ఆడవాళ్లు నమాజులో గొంతెత్తరు. ఇమాం తప్పు చదివితే ఎడమచేతి వెనకవైపు కుడిచేత్తో చరుస్తారు. మాట అందించలేకపోయినా తప్పు పోయిందని మాత్రం తెలుస్తుంది. వాడి మొహం విప్పారింది. "నువ్వు కొడితే నేను మర్ల ఎనకకు పోయి దిద్దుకుంట. కొట్టకపోతే కరెక్టని ముందుకు పోత" అన్నాడు. ఇద్దరం అట్లా ఒప్పందం చేసుకున్నాం.

మసీదు పక్కగదిలో ఆడవాళ్లం నిలబడేవాళ్లం. మధ్యలో పరదా. నా పక్కన పెద్దాయన భార్య నిలబడేది. మొదటిరోజే నాకు చెప్పి పెట్టింది, "ఇది మీ పల్లె కాదమ్మా, ఆడోళ్ల సప్పుడు అవతలికి ఇనపడొద్దు" అని. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో!

ఆ రాత్రి సగం వరకు తమ్ముడు నీళ్లు పారినట్టు చదివాడు. అప్పుడు కరెంటు పోయింది. లోపల ఎవరో ఎమర్జెన్సీ లైటు పెట్టినట్టున్నారు, పరదా కింద కొంచెం వెలుతురు కనిపించింది. మసీదు మీద పచ్చలైటు ఆరిపోయిన సంగతి ఎవరికీ తట్టలేదు. వాడు ఆపకుండా చదువుతున్నాడు. అది ఒక ప్రవక్త కథ. అదే కథ ఖురాన్‌లో వేరే చోటా వస్తుంది. వాక్యాలు దాదాపు అవే, "పంపు" అనే అర్థమిచ్చే మాట ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. ఆ ఒక్క మాట మారిందంటే మెట్‌పల్లి బస్సనుకుని వేములవాడ బస్సెక్కినట్టే. వాడు ఆ మాట దగ్గరికి వచ్చాడు. సరిగ్గా చదివాడు. నేను ఊపిరి వదిలాను.

అప్పుడే చౌరస్తాలో చప్పట్లు. లైటు ఆరింది కదా, నమాజు అయిందనుకుని టెంటులో పాట అందుకున్నారు. ముందు రెండు చప్పట్లు, ఆ తర్వాతే డప్పు.

తమ్ముడు ఆగాడు. వెనక్కి పోయాడు. మళ్లీ అదే వాక్యం ఎత్తుకుని, ఆ మాట మార్చి చదివాడు.

ఆ చప్పట్లు నావే అనుకున్నాడు! ఇప్పుడు నేను కొట్టాలి, నిజంగా తప్పింది ఇప్పుడే. చెయ్యి లేచింది కూడా. పక్కన పెద్దాయన భార్య గాజులు కదిలాయి. ఆమె నా వైపు చూసిందో లేదో ఇప్పటికీ తెలియదు. నా కుడిచెయ్యి ఎడమచేతి మీదికి వచ్చి, చప్పుడు లేకుండా ఆనుకుని ఉండిపోయింది. వాడే దిద్దుకుంటాడులే అనుకున్నాను. పల్లెటూరిది మసీదులో చప్పట్లు కొట్టిందంటారనుకున్నాను. వాడు నాలుగైదు వాక్యాలు వేరే దారిలో పోయి, ఎక్కడున్నాడో తెలియక, నిలిచిపోయాడు. మగవాళ్లలో ఎవరో దగ్గారు. వాడు చదవడం అక్కడే ఆపేసి రుకూకు వంగాడు. మిగతా నమాజంతా చిన్నపిల్లలకు కూడా వచ్చే చిన్న సూరాలతో, నాలుగైదు వాక్యాల అధ్యాయాలతో, ముగించాడు.

తెల్లారి పెద్దాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "జగిత్యాలాయన వస్తుండు, మిగిలింది ఆయన సదివిస్తడు, నువ్వు రెస్టు తీస్కో బిడ్డా" అన్నాడు. మూడోనాడు తమ్ముడు సిరిసిల్ల పోయాడు. పోయేలోపు ఆ చప్పట్లు ఎవరివో వాడికి నేను చెప్పలేదు.

పండగకు నాలుగు రోజులుందనగా కొత్త లాల్చీ తీసుకుని పగటిపూట వాడి షెడ్డుకు పోయాను. మగ్గాల రొదలో నా మాట నాకే వినిపించలేదు. వాడు చేత్తో సైగ చేసి బయట వేపచెట్టు కిందికి తీసుకొచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, ఉపవాసం వదల్లేదు. నా ముఖం చూసి వాడే నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు.

"నువ్వేం చేస్తవక్కా. నువ్వు కొట్టుడు కరెక్టే. నాకే ఆ మాట గట్టిగ యాదికి లేదు. మొదలు చదివిందే కరెక్టనిపించింది గని, నువ్వు కొట్టినంక ఇంక నా మీద నాకు నమ్మకం పోయింది. నువ్వు తప్పు పట్టినవంటే తప్పే."

లాల్చీ కవరు నా చేతిలో నలిగిపోతోంది. చెప్పకుండా తిరిగి పోదామనిపించింది. కానీ వాడు బతికినన్నాళ్లూ తనకు రాదనే అనుకుంటాడు.

"ఆ చప్పట్లు నావి కావు తమ్మీ. టెంటోళ్లయి."

వాడు నన్నే చూశాడు. "అయితే మొదలు నేను చదివింది?"

"కరెక్టే. అక్షరం పొల్లు పోలే."

వాడి ముఖంలో వెలుగు చూడాలి! చిన్నప్పుడు ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పిన రోజు అమ్మ వైపు తిరిగి అట్లాగే నవ్వేవాడు. "కరెక్టేనా, నిజంగనా" అని రెండుసార్లు అడిగాడు. నేనూ ఏడుస్తూ నవ్వాను. అంతలో వాడి నవ్వు ఆగిపోయింది.

"మరి తర్వాత తప్పు పోయిన కద. అప్పుడెందుకు కొట్టలే?"

"భయమైంది."

"ఎవరికి?"

పెద్దాయన భార్యకు, ఆమె గాజుల చప్పుడుకు అని ఎట్లా చెప్పను? కవరు వాడి ముందుకు చాపాను. లోపల ఏదో మగ్గం ఆగింది, దారం తెగినట్టుంది. ఎవరో వాణ్ని కేకేశారు. వాడు కవరు తీసుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఆ బంద్ రోజు పొద్దున నేను మసీదుల కూసోని సదువుకుంటున్న అక్కా. చౌరస్తాల నీ ఒక్కదాని గొంతు లోపటి దాక ఇనపడ్డది."

ఆ మాటలో కోపం లేదు. చెప్పి, దారం ముడెయ్యడానికి లోపలికి పోయాడు.