తల ఉబ్బిన ఎలుకపిల్ల

విజయనగరం దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో నేను పాఠాలు చెప్పేదాన్ని. అక్కడ ప్రయోగాల కోసం పెంచే తెల్ల ఎలుకల్ని నెల్లిమర్ల నుంచి వచ్చే ఒక పెద్దాయన చూసుకునేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. బోనులు కడుగుతున్నంతసేపూ ఎలుకలతో కబుర్లాడేవాడు. ఒక ఎలుక ఈని రెండు వారాలైందేమో, నన్ను కేకేశాడు.

"మేడం, ఈ పిల్ల తల సూడండి. ఎలగుబ్బిపోనాదో!"

నుదురు బోర్లించిన గిన్నెలా లేచి ఉంది. నడవబోతే పక్కకు ఒరిగిపోతోంది.

"మెదడులో నీరు చేరింది బాబాయ్. పుట్టుకతోనే వస్తుంది."

"తల్లి ఏటైనా తినకూడనిది తిన్నాదా?"

"లేదు. దాని తప్పేం లేదు."

ఆయన పిల్లను మెల్లగా తల్లి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. చీపురుపల్లిలో ఉండే వాళ్ల అప్పకు, అంటే అక్కకు, తొలి కాన్పులో ఇలాంటి తలతోనే ఆడపిల్ల పుట్టిందట. ఏడు నెలలు బతికింది. గ్రహణం వేళ కత్తిపీట ముందు కూర్చున్నందుకే అలా అయిందని అత్తవారన్నారు. ముప్పై ఏళ్లుగా ఆవిడా అదే నమ్ముతోంది.

"మీరొకపాలి వొచ్చి సెప్పాల మేడం. నాను సెప్తే నమ్మదు."

రెండు రోజులకు ఎలుకపిల్ల పాలు తాగడం మానేసింది. పశువుల డాక్టరు వచ్చి బాధ తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చారు. ఇలాంటి పిల్ల ఇంకొకటి పుట్టకూడదని ఆ తల్లి ఎలుకనూ తండ్రి ఎలుకనూ మళ్లీ జతకట్టనివ్వలేదు.

ఆదివారం ఇద్దరం రైల్లో వెళ్లాం. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని, ఎలుకపిల్ల సంగతంతా చెప్పాను. ఇది ఎందుకొస్తుందో డాక్టర్లకూ అన్నిసార్లూ తెలియదనీ, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదనీ చెప్పాను.

"అయితే నాను సేసిందానికి కాదా?"

"కాదత్తా."

చింతపండు చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"ఆ ఎలికపిల్లకి నొప్పెట్టనేదు కదా?" అనడిగింది.

"లేదు."

అప్పుడు పాప గురించి చెప్పడం మొదలుపెట్టింది. జుట్టు ఒత్తుగా ఉండేదట. తన గొంతు వినబడితే చాలు, ఏడుపు ఆపేసేదట. మనసులో తను పెట్టుకున్న పేరు కూడా చెప్పింది. అది తమ్ముడు కూడా ఎన్నడూ వినలేదు.

"నాకెప్పుడూ సెప్పనేదేటే అప్పా!" అన్నాడు బాబాయ్.

"ఎవులడిగార్రా?" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.