తుమ్ముకు ఆగిన స్వాబ్

కోవిడ్ గోల సద్దుమణిగిన మరుసటి వానాకాలంలో నేను నాచారంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యురాలిగా చేరాను. హోదా కన్సల్టెంట్. అంటే వారానికి రెండు పూటలు వచ్చి ఓపీ చూసి వెళ్లడం. సొంత గది ఉండదు, కుర్చీ మాత్రం ఉంటుంది. ఆ కుర్చీ కూడా మధ్యాహ్నం తర్వాత చర్మవ్యాధుల డాక్టరుదే.

ఒక శుక్రవారం చెంగిచెర్ల నుంచి యాదగిరి అనే ఆయన తల్లి లచ్చమ్మను, మూడో తరగతి చదివే కూతురు అక్షితను వెంటబెట్టుకొని వచ్చాడు. ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు. "బిడ్డకు నీళ్ల పిచ్చి పట్టింది మేడం, నా నౌకరి పోయేటట్టున్నది" అన్నాడు. ఈ రెంటికీ సంబంధం ఏమిటో నాకు వెంటనే తెలియలేదు.

బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి వెళ్లడం మన ఇళ్లలో ఉన్నదే. లచ్చమ్మ దృష్టిలో అది చట్టం. రెండు వారాలుగా అక్షిత ఆ చట్టాన్ని తుమ్ము లేకుండానే అమలు చేస్తోంది. ఎవరు గడప దాటినా వెనక్కి రావాలి, కూర్చోవాలి, నీళ్లు తాగాలి. తన మనసుకు సరిగ్గా అనిపించకపోతే మళ్లీ మొదటినుంచి. కాదంటే నాన్న చచ్చిపోతాడని వెక్కివెక్కి ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడలేక యాదగిరి చెంబులకు చెంబులు తాగి డ్యూటీకి ఆలస్యంగా చేరేవాడు. చేరాక మెషిన్ దగ్గరకంటే బాత్‌రూంలోనే ఎక్కువసేపు ఉండేవాడు. ఇంకోసారి లేటైతే గేటు బయటే ఆపేస్తానని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు. స్కూలు ఆటో డ్రైవరు కొన్నాళ్లు ఓపికగా నీళ్లు తాగి, తర్వాత వేరే గిరాకీ చూసుకున్నాడు.

లచ్చమ్మ మాత్రం మురిసిపోతోంది. "ఇన్నేండ్లు నేను మొత్తుకున్నా ఇంట్ల ఒక్కలు ఇనలే డాక్టరమ్మా. ఇదొక్కతే ఇన్నది" అంది.

నాకు ఒళ్లు మండింది. అయినా అడగాల్సినవి అడగాలి. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే ఈ ఓసీడీ మామూలుగా చాప కింద నీరులా వస్తుంది, ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు. యాదగిరి మాత్రం "రెండు వారాల కింద శనివారం దాక మంచిగున్నది మేడం, ఆదివారం పొద్దుగాల్ల లేసుడుతోని గిట్ల" అన్నాడు. పిల్లల్లో ఇలా కరెంటు పోయినట్టు ఒక్కసారిగా వస్తే, అంతకుముందు ఏదైనా ఇన్‌ఫెక్షన్ వచ్చిందా అని అడగడం మా పద్ధతి. అడిగాను. అలాంటిదేమీ లేదన్నాడు.

లచ్చమ్మ ఊరుకోలేదు. మనవరాలు ఎంత బాగుపడిందో నిరూపించడానికి ఆమె పాత నేరం బయటపెట్టింది. "అంతకుముందు వారం తుమ్మితె నీళ్లు తాగుమంటె, గొంతుల దిగుతలేదు, నొస్తున్నదని ఒకటే ఏడుపు. మస్తు తిట్టిన. గిప్పుడు సూడు, ఎంత మారిందో."

నేను పెన్ను కింద పెట్టేశాను.

గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్ అనే బాక్టీరియా ఒకటుంది. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లోని రక్షణ వ్యవస్థ యాంటీబాడీలు తయారుచేస్తుంది. కొందరు పిల్లల్లో అవి పొరబడి మెదడు మీద పడతాయని, అప్పుడే ఇలాంటి లక్షణాలు వస్తాయని ఒక అభిప్రాయం. దొంగల కోసం పెట్టుకున్న వాచ్‌మన్ ఇంటాయన్నే చితకబాదడం లాంటిది. డాక్టర్లందరూ దీన్ని ఒప్పుకోరు. మా సూపరింటెండెంటు అసలే ఒప్పుకోరు. అయినా గొంతు స్వాబ్, అంటే దూదిపుల్లతో గొంతు వెనక రాసి తీసే నమూనా, పంపడానికి ఆయన అనుమతి అక్కర్లేదు.

నర్సు మేరీ పుల్లను నోటి దగ్గరకు తెచ్చింది. సరిగ్గా అప్పుడే వరండాలో ఎవరో తుమ్మారు. అక్షిత నోరు మూసేసింది. అందరూ బయటికి వెళ్లి కూర్చుని నీళ్లు తాగితేగాని తెరవనంది. మా చికిత్స ప్రకారం ఇలాంటి వాటికి లొంగకూడదు. కానీ నాకు స్వాబ్ కావాలి. లొంగాను.

మేమంతా బెంచీ మీద వరుసగా కూర్చుని డిస్పోజబుల్ గ్లాసులతో నీళ్లు తాగుతుంటే సూపరింటెండెంటు రౌండ్స్‌కు వచ్చారు. ఏం చేస్తున్నారని అడిగారు. స్వాబ్ తీస్తున్నాం సర్ అన్నాను. ఆయన ఏదో అనబోయి తుమ్మారు. లచ్చమ్మ జరిగి చోటిచ్చింది. "జర కూసో సారూ. నీళ్లు తాగి పోదువు" అంది. అక్షిత కళ్లార్పకుండా ఆయన్నే చూస్తోంది. ఆయన కూర్చున్నారు, తాగారు. అక్షిత నోరు తెరిచింది.

నమూనాలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌లో స్ట్రెప్ పెరిగింది. అదొక్కటే రుజువు కాదు, స్ట్రెప్ ఉన్న పిల్లలందరికీ ఓసీడీ రాదు. ఇన్‌ఫెక్షన్‌కు పిల్లల డాక్టరు యాంటీబయాటిక్ రాశారు. నేను బిహేవియర్ థెరపీ మొదలుపెట్టాను. అంటే భయమేసినా నీళ్లు తాగకుండానే గడప దాటడం, ఇంట్లోవాళ్లు కూడా పిల్ల ఆడించినట్టు ఆడకపోవడం. యాదగిరి సూపర్‌వైజరుతో నేనే ఫోన్లో మాట్లాడి కాస్త గడువు అడిగాను. నసుగుతూనే ఇచ్చాడు. కొన్ని వారాలకు పిల్ల కుదుటపడింది, యాదగిరి నౌకరి నిలిచింది. థెరపీ వల్లే తగ్గిందని సూపరింటెండెంటు, మందు వల్లే తగ్గిందని పిల్లల డాక్టరు అనేవారు. లచ్చమ్మ మాత్రం నీళ్ల వల్లే అంది.

ఆఖరి విజిట్‌లో వాళ్లు వెళ్లడానికి లేవగానే మేరీ తుమ్మింది. లచ్చమ్మ టక్కున కూర్చుంది. యాదగిరి కూర్చోవాలో వద్దో తెలియక సగంలో వంగి ఆగిపోయాడు. నేను అక్షిత వైపు చూశాను. అక్షిత తండ్రి చెయ్యి పట్టి లాగింది. "పా నాన్న, నీకు డ్యూటీకి లేటైతది. నానమ్మకింక తగ్గలే" అంటూ గడప దాటింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

జబ్బు ఎప్పుడు మొదలైందో తెలుసుకోవాలంటే, రోగి ఇంట్లోవాళ్లలో మనల్ని అందరికంటే ఎక్కువ విసిగించే మనిషిని పూర్తిగా మాట్లాడనివ్వాలని ఈ కేసుతో తెలిసింది. అప్పటినుంచి అదే పాటిస్తున్నాను.