పప్పు గురించి ప్రభువుకు మనవి

మా హాస్టల్లో ఫిర్యాదుల పెట్టె లేదు. భోజన ప్రార్థన ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను ఆరో తరగతిలో ఆ బడిలో వేశారు. చిలకలూరిపేట వెళ్లే రోడ్డు మీద, ఒక పక్క పత్తి మిల్లు, ఇంకో పక్క మిరపచేలు. మెథడిస్టు బడే గానీ ఏ పెద్ద సంఘం కిందా లేదు, స్వతంత్రం. స్వతంత్రమంటే ఏమిటో వారం తిరక్కుండానే తెలిసింది. బయటి నుంచి విరాళాలు రావు, పప్పుచారులో పప్పు ఉండదు. డే స్కాలర్లు వరండాలో అమ్మ కట్టిన క్యారియర్లు విప్పుకుంటుంటే, హాస్టలు వాళ్లం నలభై మందిమి మెస్సులో కంచాల ముందు నిలబడి దేవుణ్ణి తలుచుకునేవాళ్లం.

మాది అద్దంకి దగ్గర పల్లె. నాన్న పత్తీ మిరపా వేసేవాడు. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, మెడలో తులసిపూసల నాయనమ్మ. మిషను బడేమిటని ఆవిడ గోల పెడితే నాన్న ఒకటే మాట అన్నాడు: "ఇంగ్లీషు ఏ దేవుడు నేర్పితే ఏంటమ్మా?" ఆ మాటతో నా ట్రంకుపెట్టె బస్సెక్కింది.

రోల్ నంబరు ప్రకారం రోజుకొకడు ప్రార్థన చెయ్యాలి. ఆమెన్ అనేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు, కళ్లు తెరవకూడదు, మధ్యలో నోరెత్తకూడదు. వార్డెన్ సారైనా సరే. సారంటే మాకు హడల్. మొలకు తాళాలగుత్తి, చేతిలో బెత్తం. కానీ ప్రార్థన నడుస్తున్నంతసేపూ ఆయన కూడా కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, మేం చెప్పింది చచ్చినట్టు వినాల్సిందే. ఆ సంగతి మొదట కనిపెట్టిన మహానుభావుడు ఒక పదో తరగతి అన్న.

"ప్రభువా, ఈ అన్నమును బట్టి నీకు స్తోత్రము. ఇందులోని రాళ్ల నుండి మా పళ్లను కాపాడుము" అన్నాడు ఒక మధ్యాహ్నం. మర్నాడు అన్నంలో ఒక్క రాయి లేదు. ఇంకేముంది, మాకు భక్తి ముదిరింది. "స్నానాల గది తలుపునకు గడియ దయచేయుము తండ్రీ" అని ఒకడు. "ఆదివారపు కోడికి కాళ్లును మెడయును తప్ప తక్కిన భాగములు ఎక్కడికి పోవుచున్నవో నీవెరుగుదువు" అని ఇంకొకడు. సారు ముక్కుపుటాలు అదిరేవి, కళ్లు మాత్రం తెరిచేవాడు కాదు. తర్వాత బెత్తంతో కొడదామంటే దేనికని కొడతాడు, ప్రార్థన చేసినందుకా?

ఆ భాష నాకు మొదట్లో నోరు తిరగలేదు. ఎనిమిదికొచ్చేసరికి బైబిలు పరీక్షలో నేనే ఫస్టు. పుట్టుకతో క్రైస్తవులైన పిల్లలు కూడా నా నంబరు వచ్చిన రోజు చెవులు రిక్కించేవాళ్లు. గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

ఒకసారి కమిటీ పెద్దలు బడి చూడటానికి వచ్చి మాతోపాటే భోజనానికి కూర్చున్నారు. ఆ రోజు నా వంతు. ప్రిన్సిపాల్ మేడం కూడా ఉంది. నేను గొంతు సవరించుకున్నాను.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఐదు రొట్టెలతో, రెండు చేపలతో ఐదువేల మందిని పోషించితివి. మా వంటశాలలో అంతకంటె గొప్ప అద్భుతము దినదినము జరుగుచున్నది. గుప్పెడు పప్పుతో నలభై మంది పోషింపబడుచున్నారు. చారులో మా ముఖములు మాకే స్పష్టముగా కనబడుచున్నవి. ఈ అద్భుతమును ఇకనైనా ఆపుము ప్రభువా. ఆమెన్."

ఒక పెద్దాయనకు ఆమెన్ మధ్యలో నవ్వొచ్చి పొలమారింది. మేడం మొహం కందిపోయింది. ఆ సాయంత్రం పిల్లలు నన్ను భుజాల మీద మోయడమొక్కటే తక్కువ.

మూడో రోజు అడుగంటిన అన్నం దొరుకుతుందేమోనని వంటింట్లోకి దూరాను. మాకు వండిపెట్టే ముసలావిడ చేటలో బియ్యం ఏరుతోంది. మామ్మా అనేవాళ్లం. ముందూ వెనకా ఎవరూ లేరు. మెస్సు వెనక కట్టెల కొట్టు పక్క గదే ఆమె ఇల్లు.

"నెలాఖరుకి ఎల్లిపొమ్మన్నారయ్యా" అంది తలెత్తకుండానే. "పెద్దోళ్లు గట్టిగా అడిగారంట. మామ్మకి వయసైపోయింది, వండటం చేతగావట్లేదని చెప్పాడంట వార్డెన్ బాబు."

"మరి పప్పు తక్కువేసేది నువ్వేగా మామ్మా" అన్నాను. సిగ్గులేని నోరు.

అప్పుడు చూసింది నా వంక. "నేనెక్కడేశాను? ఆ బాబే రెండు సోలలు కొలిచిచ్చి సరుకుల కొట్టుకి తాళమేసుకుంటాడు. మిగతాదంతా నేను పోసే నీళ్లే. తలుపెనక నిలబడి మీ ప్రార్థనలన్నీ ఇంటానే ఉన్నా. రాళ్లు వద్దని ఆ పెద్దబ్బాయి అడిగితే ఆ బియ్యం మొత్తం చేత్తో తడిమి ఏరా. చారు చిక్కగా కావాలని నువ్వడిగిన రోజు రాత్రి నా వంతు అన్నం మెదిపి అందులో కలిపా. గడియ బిగించటం నాకు చేతగాదు గాబట్టి బిగించలా."

మూడేళ్లుగా మేం దేవుడికి చెప్పుకున్నవాటిలో తీరినవన్నీ తీర్చింది ఈమె. నేనేమో నా తెలివి చూపించుకోవడానికి ఆమె పొట్ట మీద కొట్టాను. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు.

"యాడికి పోతావు మామ్మా?"

"చూడాలి" అని మళ్లీ చేట అందుకుంది.

సరాసరి మేడం గదికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పైకి జరిపి "ఏంటి?" అంది. "జ్వరం మేడం" అన్నాను. బిళ్ల ఇచ్చింది, మింగి వచ్చాను. కళ్లు మూసుకుంటే అంత వాగే నేను, కళ్లు తెరిస్తే పిరికి సన్నాసినని ఆ రోజు తేలింది.

ఇక మిగిలింది ప్రార్థనే. నెలలో చివరి ఆదివారం మేడం మాతో కలిసి తినేది. ఆ రోజు వంతు పిడుగురాళ్ల నుంచి వచ్చిన ముస్లిం కుర్రాడిది. నాయనమ్మ పంపిన పండుమిరపకాయ పచ్చడి సీసా ఇస్తాను, నీ వంతు నాకివ్వరా అన్నాను. "ఒరేయ్, సీసా ఇస్తే ప్రార్థనేంటి, నా మంచం కూడా తీసుకో" అన్నాడు వాడు.

ఆదివారం వచ్చింది. కంచాల్లో అన్నం పొగలు కక్కుతోంది. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. "పరలోకమందున్న మా తండ్రీ, మా పప్పును కొలుచు సోల ఎవరి చేతిలో ఉన్నదో..."

"ఆమెన్" అన్నాడు వార్డెన్ సారు.

ఆయనేమీ తెలివితక్కువవాడు కాదు. ఆమెన్ పడితే ప్రార్థన అయిపోయినట్టే. ఆకలి మీదున్న నలభై నోళ్లూ అలవాటు కొద్దీ ఆమెన్ అన్నాయి, బల్లలు కిర్రుమన్నాయి, అందరూ కూర్చుని కలుపుకోవడం మొదలెట్టారు. నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. పచ్చడి సీసా వాడికి దక్కింది, మామ్మకి రెండు రోజులే మిగిలాయి.

కళ్లు తెరిచాను. ఎదురుగా సారు మీసం, మేడం కళ్లజోడు. బైబిలు భాష ఒక్క ముక్క రాలేదు. మా ఊరి మాటే వచ్చింది.

"మేడం, పప్పు కొలిచిచ్చేది సారు. మామ్మ కాదు. మామ్మని పంపించమాకండి."

నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. మేడం చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. లోపల ఏం అడిగిందో, మామ్మ ఏం చెప్పిందో మాకు వినపడలేదు. బయటికొచ్చి సారు ముందు చెయ్యి చాపి, "కొట్టు తాళం ఇవ్వండి" అంది. గుత్తిలోంచి ఆ తాళంచెవి తియ్యడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. మేడం దాన్ని తీసుకెళ్లి మామ్మ చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచింది. "నువ్వు చెప్పింది నిజం. కానీ అందరిలో వార్డెన్‌ని నిలదీసినవాణ్ణి హాస్టల్లో ఉంచితే రేపు తక్కినవాళ్లు కూడా నిలదీస్తారు. ఇకనుంచి ఇంటి దగ్గర్నుంచి రా." ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పప్పు మింగినాయన హాస్టల్లోనే ఉన్నాడు, పెట్టె సర్దుకున్నది నేను.

నాన్న వచ్చాడు. "ఏం చేశావురా?"

"ప్రార్థన చేశా నాన్నా."

"మనకెందుకురా అయ్యన్నీ" అని పెట్టె నెత్తికెత్తుకున్నాడు.

రోజూ పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర బస్సు. మొదటి రోజు మధ్యాహ్నం వరండాలో క్యారియర్ విప్పాను. మెస్సులోంచి చిక్కటి పప్పు వాసన, పోపులో ఎండుమిరపకాయలు వేగిన ఘాటు. నా వల్ల చిక్కబడ్డ పప్పు, తినేది వాళ్లు. ఏడుపొచ్చింది.

మామ్మ గరిట పట్టుకుని బయటికొచ్చింది. నా అన్నం మీద గరిటెడు పప్పు వేసింది.

"డే స్కాలర్లకి పెట్టగూడదు మామ్మా. రూలు."

"తాళం నా దగ్గరుందిగా. ప్రార్థన చేసుకుని తిను."

కళ్లు మూసుకున్నాను. పరలోకమందున్న అని నాలుక దాకా వచ్చింది. ఎదురుగా ఆమెను నిలబెట్టుకుని ఆ మాట అనలేకపోయాను. కళ్లు తెరిచాను.

"మామ్మా, నువ్వు తిన్నావా?"

మూడేళ్లలో ఆమెను ఆ మాట అడగటం అదే మొదటిసారి. మామ్మ పైట చెంగుతో గరిట కాడ తుడిచింది.

"తింటాలే. నువ్వు కానీ" అంది.