నాన్న వ్యానుకు కొత్త చెవి

ఆ రోజుల్లో బరువుకు ఇంజన్ టకటకమని కొట్టుకుంటోందో లేదో కనిపెట్టే సెన్సార్లూ గట్రా లేవు. మొన్న మా అబ్బాయి బండిలో ఆ సెన్సార్ పాడైతే మెకానిక్ కొత్తది బిగించి పంపాడు. మా నాన్న పికప్ వ్యానులో మాత్రం ఆ పని మా అమ్మ చేసేది. మంగళగిరి చీరల మూటలతో కాలవ వంతెన ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమంటే అమ్మ మోచేత్తో పొడిచేది, నాన్న గేరు మార్చేవాడు. (నాన్నకు చెవి మందమని ఇంటిల్లిపాదికీ తెలుసు.) అంతకుముందోసారి ఆ చప్పుడు పట్టించుకోక పిస్టన్ పోయి, బండి షెడ్డులో పడి, బాగయ్యేదాకా మాకు పచ్చడి మెతుకులే గతయ్యాయి.

నా ఇంటర్ పరీక్షలు అయ్యాయో లేదో నాయనమ్మ పట్టుబట్టింది. "మొగుడి పక్కన కూచుని ఊరేగటమేంటే? ఎదిగిన కొడుకున్నాడుగా, వాణ్ణి కూచోబెట్టండి." అమ్మ పప్పు రుబ్బటానికి వెళ్లిపోయింది. మర్నాడు నేను చెవి ఉద్యోగంలో చేరిపోయాను.

అసలే నాకు కుదురు తక్కువ. ఆపైన బండి పోతే మళ్లీ పచ్చడి మెతుకులేనన్న భయం. వెనక సామాన్ల పెట్టె కదిలితే పొడిచాను, పక్కన ఎడ్లబండి వెళ్తే పొడిచాను, చివరికి నా మోకాలే వణికి తలుపుకు కొట్టుకుంటుంటే (అది నాదేనని చాలాసేపటికి గాని తెలియలేదు) దానికీ పొడిచాను. ప్రతిసారీ నాన్న గేరు మార్చటం, వెనక లారీవాడు మా వంశాన్ని తలుచుకోవటం. వంతెన దగ్గరికొచ్చేసరికి నాన్న, "ఇక ఆ చెయ్యి జేబులో పెట్టుకోరా బాబూ" అన్నాడు. పెట్టుకున్నాను. సగం ఎక్కామో లేదో అసలైన టకటక మొదలైంది. చెయ్యి చూస్తే జేబులోంచి రాదు. నేను నోరు తెరిచేలోపే నాన్న గేరు మార్చేశాడు.

"నీకు వినపడిందా నాన్నా?"

"ఎందుకు వినపడదురా?"

"మరి అమ్మ ఎందుకు?"

నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మీ నాయనమ్మ ఉండగా మీ అమ్మని బయటికెట్లా తీసుకురాను? సినిమాకి అంటే ఒప్పుకోదు. గుణదల తిరనాళ్లకి అంటే ఒప్పుకోదు. పిస్టన్ పోయినప్పుడు చెవుడన్నాను, ఒప్పుకుంది."

తిరుగుదారంతా నాకు అదే ఆలోచన. సాయంత్రం గుమ్మంలోనే చెప్పేశాను. "నాకా చప్పుడు అంతుపట్టటం లేదు నాయనమ్మా. నేనే కూచుంటే మళ్లీ పిస్టన్ పోవటం ఖాయం."

"ఎందుకూ కొరగాని వెధవా" అని, నాయనమ్మ వంటింటి వైపు తిరిగి, "ఏమే, రేపట్నించి నువ్వే వెళ్లు" అంది.

పొద్దున్నే అమ్మ ఉతికిన చీర కట్టుకుని వ్యానెక్కింది. అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఎందుకూ కొరగాని వెధవనన్న పేరు నా పెళ్లయ్యేదాకా పోలేదు. తర్వాత నాకొచ్చిన మంచి పేర్లేవీ ఎందుకో దాని ముందు ఆనలేదు.