చోళ్ళ పాతరలో పోర్టు వైను

మా నాన్న పోర్టు వైను సేకరించేవాడని చెబితే జనం ఇప్పటికీ నవ్వుతారు. ముందు నా మొహం చూస్తారు, తర్వాత నా నేత చీర చూస్తారు, అప్పుడు నవ్వుతారు. మేం జమీందారులం కాము. చంపావతి ఒడ్డున కాస్త పొలం, అందులో వరీ, మేం చోళ్ళనే రాగులూ, అంతే. అయినా మా పెరట్లో, చోళ్ళు దాచుకోవడానికి తాత తవ్వించిన పాతరలో, ఎండుగడ్డి మీద, ఎక్కడో పోర్చుగల్లో పుట్టి ఇంగ్లండు మీదుగా ఓడలెక్కి వచ్చిన సీసాలు పడుకుని ఉండేవి. నవ్వేవాళ్ళు నవ్వండి. నేను రాయాలని కూర్చున్నది సీసాల గొప్పతనం కాదు. మా వదిన గురించి.

నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లు ఆఫీసులో గుమాస్తా. స్వాతంత్ర్యం వచ్చాక తెల్ల దొరలు ఒక్కొక్కరే సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నారు. అందులో ఒక ముసలి దొర వెళ్ళేముందు నాన్నని బంగళాకి పిలిచి, గోనెపట్టాలో చుట్టిన రెండు సీసాలు చేతిలో పెట్టాడట. "నువ్వు తాగవు కాబట్టి నీకిస్తున్నాను, ఇంకెవరికిచ్చినా సాయంత్రానికి ఖాళీ చేస్తారు" అన్నాడట. సీసా నిలబెట్టకూడదనీ, పడుకోబెడితేనే బిరడా తడిగా ఉండి గాలి చొరబడదనీ, చీకటీ చల్లదనం ఉండాలనీ, కదపకూడదనీ, పైవైపు ఏదో తెలియడానికే దానిమీద సున్నం గీత ఉంటుందనీ చెప్పాడట. ఇంక చేయాల్సిందేమిటని నాన్న అడిగితే, ఏమీ చేయకుండా ఉండటమే అన్నాడట.

ఏమీ చేయకుండా ఉండటాన్ని మా నాన్న అంత శ్రద్ధగా ఇంకెవరూ చేసి ఉండరు. వెళ్ళే ప్రతి దొర దగ్గరికీ మామిడిపళ్ళ బుట్టో నెయ్యి డబ్బానో పట్టుకెళ్ళి, వాళ్ళు మోసుకెళ్ళలేని పోర్టు సీసాలు తెచ్చుకునేవాడు. విస్కీ ఇస్తే వద్దనేవాడు. అది సీసాలోకి వచ్చాక ఎదగదట, పోర్టయితే ఎదుగుతుందట. చెరిగిపోయిన సున్నం గీతలు ఏటా తనే మళ్ళీ దిద్దేవాడు. మద్యనిషేధం రోజులవి. కల్లు ముంత దొరికితేనే కేసు రాసేవారు. పాతర మూత మీద అమ్మ ఎప్పుడూ పిడకలు పేర్చి ఉంచేది, పేర్చిన ప్రతిసారీ తిట్టేది.

నేను విజయనగరంలో బి.ఏ. చదివి ఇంటికొచ్చి, ఎవరితో వాదన పెట్టుకుందామా అని చూస్తున్న రోజులు.

"మీరు తాగరు, అమ్మరు, ఒకరికి పొయ్యరు. ఎందుకు నాన్నా ఇవన్నీ?" అని నిలదీశాను ఒకసారి.

"ముసలి అవనీవే."

"ఎవరు? మీరా, అవా?"

"ఎవలు ముందయితే ఆళ్ళే" అని ముక్కుపొడుం పీల్చుకుని లేచిపోయాడు. ఆ పొడుం వల్ల ఆయన ముక్కుకి గులాబీకీ గుర్రపు లద్దెకీ తేడా తెలిసేది కాదు. రుచి చూడని, వాసన తెలియని మనిషి పోర్టు దాచుకోవడం ఏమిటని మీరడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆయన దగ్గర మాత్రం ఉండేది. రోగికి పథ్యం పాత బియ్యంతో పెడతాం కదా, వైద్యుడు పాత నెయ్యే అడుగుతాడు కదా, పాతబడితే బలం వస్తాది, ఇదీ అంతే, అనేవాడు.

వదిన మా ఇంటికి వచ్చినప్పుడు నాతో సమానంగా నోరున్న మనిషి దొరికిందని నేను సంబరపడ్డాను. ఎచ్చెర్ల దగ్గర పల్లెటూరు ఆమెది, తల్లి లేని పిల్ల. అన్నయ్య గరివిడి ఫ్యాక్టరీలో పని చేస్తూ షిఫ్టుల మధ్య ఇంటికి వచ్చిపోతుండేవాడు. వదిన నన్ను పేరుతో పిలవలేదు ఎన్నడూ. 'కాలేజీ' అనేది. "ఒసే కాలేజీ, ఆ సీసా బిరడా ఒకటి ఇలాగ తే, నీ నోటికి సరిపోద్దేమో సూద్దాం" అనేది. మావగారి ముందు మాత్రం తలుపు చాటునే నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడేది. అప్పట్లో కోడలికి అదే మర్యాద. ఆ మర్యాద మీద కూడా నేను ఆమెతో వాదించాను.

పుట్టింట్లో చూసేవాళ్ళు లేక పురుడు మా దగ్గరే పోశారు. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఉంది. వదినకి రక్తం ఆగలేదు. విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం ఎక్కించి తెచ్చారు. తెచ్చాక జ్వరం పట్టుకుంది. సన్నగా, వదలకుండా. గోళ్ళు తెల్లబడ్డాయి. మంచం మీద లేచి కూర్చుంటే ఆయాసం. విజయనగరంలో లేడీ డాక్టరు ఇంజెక్షన్లు ఇస్తూనే ఉంది. ఒకరోజు నాన్నతో ఆమె మాట వరసకి, "బలమైన తిండి పెట్టండి. మా చిన్నప్పుడు బాలింతలకి డాక్టర్లు పోర్టు వైను కూడా రాసేవారు. ఇప్పుడెక్కడ దొరుకుతుంది?" అంది.

నాన్న బస్సు దిగి కాళ్ళు కడుక్కోలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి పిడకలు తీయడం మొదలుపెట్టాడు.

మొదటి సీసాని అమ్మ పాడు చేసింది. తప్పు ఆమెది కాదు. మందన్నాక మందే. మా ఊరి కాంపౌండరు ఇచ్చే ప్రతి సీసానీ బాగా కుదిపి తాగమని చెప్పేవాడు. అమ్మ ఆ పోర్టు సీసాని రెండు చేతులతో పట్టుకుని, మజ్జిగ గిలకొట్టినట్టు కుదిపేసింది. ఇరవై ఏళ్ళుగా అడుగున పేరుకున్న మడ్డి అంతా పైకి లేచింది. నాన్న వరండా చివర నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి సేసినావే! ఏటి సేసినావు!"

"కలపకపోతే మందు అడుగునే ఉండిపోదేటి? నాకు తెల్దేటి?"

నాన్న ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాడు. బురదనీళ్ళలా ఉన్న ఆ సీసాని పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత సీసాలు తీసే పని ఎవరికీ ఇవ్వలేదు. ముందు రోజే నెమ్మదిగా తెచ్చి గూట్లో నిలబెట్టేవాడు. మర్నాడు పొద్దున్నే బిరడా తీసి, సీసా మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి పెట్టి, ఆ వెలుగులో మడ్డి కదిలి వచ్చేదాకా గాజు కూజాలోకి వంచేవాడు. సన్నటి పంచె ముక్క అడ్డం పెట్టి, చెయ్యి వణక్కుండా.

"పట్టపగలు దీపమేటండీ, ఇంట్లో ఎవలో పోయినట్టు. తీసేయండి" అనేది అమ్మ. ఆయన వినేవాడు కాదు. ఆ దీపం చూస్తే నాకూ ఒళ్ళు మండేది, చెప్పొద్దూ.

పురిటి గదిలోకి మావగారు వెళ్ళకూడదు. అందుకని నాన్న గుమ్మం ఇవతల పీట వేసుకుని కూర్చునేవాడు, చిన్న గ్లాసు నేను అందించేదాన్ని. వదిన మొదటిసారి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఒసే కాలేజీ, నన్ను తాగుబోతుని సేత్తారేటే మీరంతా?"

"మందనుకుని తాగమ్మా" అన్నాడు నాన్న బయటి నుంచి.

తాగింది. నాన్న పీట మీద ముందుకి వంగాడు. "ఎలాగున్నాదమ్మా?" అని అడిగాడు. ఆ అడగడం కోడలి ఒంట్లో ఎలా ఉందని కాదని నాకు అర్థమైంది. ఆమెకీ అర్థమైంది.

"నేరేడుపళ్ళు ఎండబెట్టినట్టున్నాది మావయ్యా. దానెనకాల కొంచెం పొగ."

నాన్న పెదవులు ఆ మాటని మెల్లగా మళ్ళీ అన్నాయి. నేరేడుపళ్ళు. పొగ.

అలా మొదలైంది. తలుపుకి అటు ఆమె, ఇటు ఆయన. ఒకదాన్ని అరిసెల పాకం ముదిరినట్టుందనేది. ఇంకోదాన్ని, "ఇది కుర్రదండీ, తొందర ఎక్కువ. నిన్నటిది పెద్దమనిషి" అనేది. నాన్న నవ్వేవాడు. అన్ని ఏళ్ళు చీకట్లో దాచుకున్న వాటి లోపల ఏముందో ఆయనకి చెప్పే మనిషి మొదటిసారి దొరికింది. ఆ మనిషి రోజురోజుకీ దిండు మీద ఇంకొంచెం కిందికి జారుతోంది.

నేను ఊరుకోలేకపోయాను. ఒకరోజు వరండాలో నాన్నని పట్టుకుని, "ఇందులో ఇనుం లేదు, మాంసకృత్తులు లేవు, ద్రాక్షరసం, చక్కెర, సారా. రక్తం దీనివల్ల పట్టదు. నేను పుస్తకంలో చదివాను" అన్నాను.

ఆయన కూజా కడుగుతున్నాడు. "నువ్వు సదివినది నిజమేనే. మరి నేనేటి సెయ్యాలో కూడా ఆ పుస్తకంలో ఉన్నాదేటి?"

ఉంటే చెప్పి ఉండేదాన్ని.

డాక్టరు సూది మందు మార్చింది. అన్నయ్య సెలవు పెట్టి వచ్చి, మంచం పక్కనే నేల మీద పడుకునేవాడు. చంటిదానికి ఆవుపాలు పట్టడం అలవాటు చేశాం. నాన్న పాతరలో అడుగున ఉన్న సీసా తీశాడు. ముసలి దొర మొదట ఇచ్చిన రెండిటిలో మిగిలింది. అన్నిటిలోకీ పాతది. ఆయన లెక్కలో అన్నిటిలోకీ బలమైనది. ఇది పని చేయకపోతే ఇంక ఏదీ చేయదని ఆయన నోటితో అనలేదు. గూట్లో దాన్ని నిలబెట్టి, దాని ఎదురుగా రోజంతా కూర్చున్నాడు.

బిరడా పొడిపొడిగా రాలిపోయింది. ఆ ముక్కలు పంచె గుడ్డలో వడకట్టి, గ్లాసు నా చేతికిచ్చాడు. గది గడప దాటేసరికి నాకు వాసన తగిలింది. నాన్నకి కనపడకుండా అటు తిరిగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. మూడు రోజులు ఎండలో మరిచిపోయిన కల్లు. నిఖార్సైన పులుపు. బిరడా ఎప్పుడో చెడి, ఎన్నేళ్ళ కిందటో చచ్చిపోయిన సీసా అది. పారబోయబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. తల అడ్డంగా ఊపింది. గ్లాసు తీసుకుని, ఆగి ఆగి, చుక్క మిగల్చకుండా తాగింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఎలాగున్నాదమ్మా?" బయటి నుంచి నాన్న గొంతు.

ఊపిరి కూడదీసుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"అన్నిట్లోకీ ఇదే మావయ్యా. దీనికి మాట దొరకదు."

"అలాగా" అన్నాడు నాన్న. నేను విన్నంతలో ఆయన గొంతులో అంత సంతోషం ఎప్పుడూ లేదు. "అలాగా. రేపు మరికాస్త ఇత్తానమ్మా. అట్టే పెట్టినాను."

ఆ రేపు రాలేదు. పొద్దున్న అన్నయ్య ఆమెని లేపబోయాడు.

ఏడుపుల గురించి రాయను. అందరిళ్ళలోనూ ఒకలాగే ఉంటాయి. పెద్దకర్మ రోజున అమ్మ విస్తరిలో వదినకి ఇష్టమైనవన్నీ పెట్టింది. చేపల పులుసు, చోడి అంబలి, ఉల్లిపాయ. కాకికి పెట్టడానికి తీసుకెళ్తుంటే నాన్న లోపలి నుంచి ఆ సీసా పట్టుకొచ్చాడు. సగం పైనే ఉంది.

"ఇదీ పెట్టండి. అన్నిట్లోకీ ఇదే బాగున్నాదంది పిల్ల."

ఆయన వంచగానే అమ్మ ముక్కు మూసుకుంది. "అయ్యో, పులిసిపోయిందండీ ఇది! ఏటిది, పాడు కంపు! పిల్ల సేత ఇదేనేటి తాగించినారు?"

నాన్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. సీసాని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకి తెలియదు కదా. వేలు ముంచాడు. నాలుకకి ఆనించాడు. అక్కడే నిలబడి నా వైపు చూశాడు.

"మూత తీసి ఇన్నాళ్ళయింది కదా నాన్నా, గాలికి పులిసి ఉంటుంది" అన్నాను.

"ఆవేళ నువ్వు రుచి సూసినావేటి?"

"చూశాను."

"ఎలాగున్నాది?"

"వదిన చెప్పినట్టే ఉంది."

ఇంట్లో ఎవరు ఏ మాట చెప్పినా కాదనకుండా వదిలిపెట్టని మనిషిని నేను. నాన్న నన్ను పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాడు. నేను కాదనకపోతే దాని అర్థమేమిటో ఆయనకి తెలుసు. తర్వాత సీసాలో ఉన్నదంతా విస్తరిలోకి వంచేశాడు, అంబలి మునిగి పులుసుతో కలిసి నేల మీదికి కారేదాకా. ఆ రోజు కాకి చాలాసేపటికి గానీ ముట్టలేదు.