పెదనాయన అంకణాలు, నేను కట్టిన మూట

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాక, అల్లూరులో అమ్మ పోసిన దోసెలు తింటూ ఎవరు దొరికితే వాళ్ళకి సలహాలిచ్చే వయసది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది.

అప్పుడే మా పెదనాయన క్యాలిక్యులేటర్ రొయ్యల గుంటలో పడింది. ఆయన పొలాలు, గుంటలు కొలిచే ప్రైవేటు సర్వేయరు. అది మామూలు క్యాలిక్యులేటర్ కాదు. లెక్క ఎలా చేయాలో మెట్టు మెట్టుగా ఒకసారి ఎక్కించి పెడితే, ఆ తర్వాత కొలతలు కొడితే చాలు, మా వైపు స్థలాలు లెక్కగట్టే అంకణాల్లో జవాబు చెప్పేది. పెద్దమ్మ దాన్ని మూడు రోజులు బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. (అది బతకలేదు గానీ ఆ వారమంతా అన్నం గుంట వాసన కొట్టింది.) నాలుగో రోజు పెదనాయన కొలిచే టేపు చుట్టి అటకెక్కించేశాడు. "చాల్లే పాపా, దాంతోపాటే నా కొలతలూ అయిపోయినాయి" అన్నాడు. ఆ మాట నేను తట్టుకోలేకపోయాను.

నా లాప్‌టాప్‌లో ఉన్నది ఎవరైనా ఉచితంగా వాడుకోగల, విప్పి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. అచ్చం అలాంటి క్యాలిక్యులేటర్‌ని తెర మీద చూపించే ప్రోగ్రాం ఒకటి ఎవరో మహానుభావుడు రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు గానీ, మా సిస్టమ్ కోసం దాన్నెవరూ ప్యాకేజీ కట్టలేదు. ప్యాకేజీ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ప్రోగ్రాంకి తోడుగా ఇంకేమేం కావాలో రాసి, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు జతచేసి, ఒక్క మాట టైపు చేస్తే ఎవరి కంప్యూటర్‌లోనైనా దానంతటదే కుదురుకునేలా మూటకట్టడం. పెదనాయన నోటుబుక్కులోని అంకణాల లెక్కను కూడా అందులో నమూనాగా పెట్టాను. నా లాప్‌టాప్‌లో బాగానే పనిచేసింది గానీ ఆయన ముట్టుకోలేదు. "ఇంకొకరు సరిచూడని కొలత కొలతే కాదు పాపా. ఆ సిస్టమ్ వాళ్ళు ఒప్పుకోనీ, అప్పుడు చూస్తా" అన్నాడు. మా సిస్టమ్ కొత్త విడుదలలోకి ప్యాకేజీలు తీసుకోవడం ఆపి తలుపులు మూయడానికి వారం ఉందనగా పంపించి, వీధి వీధంతా చెప్పేశాను.

కొత్తవాళ్ళ ప్యాకేజీలు చూసి సరేననడానికి ఆ సిస్టమ్ కోసం పనిచేసే మా తెలుగు స్వచ్ఛంద బృందంలో ఒక పెద్దాయన ఉండేవారు. ముఖమెప్పుడూ చూడలేదు, అందరం మాస్టారనేవాళ్ళం. రెండో రోజున జవాబు వచ్చింది. "అమ్మా, ప్యాకేజీ చక్కగా ఉంది. కానీ మీ అంకణాల లెక్కలో మా ఇంటి కొలతలు వేసి చూశాను. నలభై అంకణాల స్థలం ఇరవై అయింది. మిగతా సగం ఎవరి పేరున రాశారు?"

నాకు ఒళ్ళు మండింది. అంకణమంటే డెబ్బై రెండు చదరపు అడుగులు, నెల్లూరులో చంటిపిల్లనడిగినా చెబుతుంది. మీ టేపు సాగిపోయి ఉంటుంది, కొత్తది కొనుక్కోండి అని ఘాటుగా రాసి పంపేశాను. ఆయన ఇల్లు తిరుపతిలో అని ఆయన జవాబు చివర ఉన్న ముక్క ఆ తర్వాత గానీ చూడలేదు. చూసినా నాకేమీ వెలగలేదు.

ఆయన రాసిందీ, నేను రాసిందీ పెదనాయనకు గర్వంగా చదివి వినిపించాను. నవ్వుతాడనుకుంటే, లేచిపోయి నోటుబుక్కు తెచ్చి, ఆ లెక్క మొదటి పంక్తి మీద వేలు పెట్టాడు. 'ఊరు? నెల్లూరు 1, తిరుపతి 2' అని ఉంది.

"ఇది యాడ పోయింది పాపా?"

"నేనే తీసేశాను పెదనాయనా. లెక్కకి ఊరితో ఏం పని అని."

"తిరుపతి అంకణం ముప్పై ఆరే. మన దాంట్లో సగం." ఆ పంక్తి మీంచి వేలు తీయకుండానే, "పెండ్లైన కొత్తల్లో మా మామ స్థలం కొలిచినా, తిరుపతి పక్కన చంద్రగిరి కాడ. నూరంకణాలుండే దాన్ని యాభై అని చెప్పేసినా. మూడు రోజులు నాతో మాట్లాడలా ఆయన. ఇంటికొచ్చి మొదట ఆ పంక్తే రాసుకున్నా" అన్నాడు.

వంటింట్లోంచి పెద్దమ్మ, "మూడు కాదు, ఆరు" అంది.

ఆ పంక్తిని మళ్ళీ చేర్చి, రెండు ఊళ్ళకీ రెండు పరీక్షలు రాసి, మాస్టారికి నా జీవితంలోకెల్లా పొడవైన క్షమాపణ పంపాను. తలుపులు మూసే రోజు మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ లేదు. అన్నం ముందు కూర్చున్నాను గానీ తిన్నట్టు గుర్తు లేదు. నాలుగింటికి జవాబు వచ్చింది. "మా ఇల్లు మాకొచ్చింది. ప్యాకేజీ ఒప్పుకున్నాను. టేపు మాత్రం కొనలేదు." ఇంట్లో అందరం పడీ పడీ నవ్వాం. సంతోషంతో నాకు ఏడుపు కూడా వచ్చింది.

మర్నాడే పెదనాయన అటక మీంచి టేపు దించాడు. ఇద్దరం గుంట గట్టు మీదికి పోయాం. ఎండకి తెర మీద ఒక్క అంకె కనబడితే ఒట్టు. పెదనాయన తన తువ్వాలు తీసి మా ఇద్దరి తలల మీదా, లాప్‌టాప్ మీదా కప్పాడు. గుంట ఆసామి బయట నిలబడి ఉంటే, లోపల చెమటలు కారుతూ ఒక్క వేలితో కొలతలు కొట్టాడు. వచ్చిన జవాబుని కాగితం మీద మళ్ళీ వేసి సరిచూసుకుని, తువ్వాలు తీసి అంకణాలు చెప్పాడు.

"కంప్యూటర్ చెప్పిందా అన్నా?" అని అడిగాడు ఆసామి.

"మా పాప చెప్పింది. ఇదంతా మా పాప చేసిందే" అన్నాడు పెదనాయన. ఆ తర్వాత కొలిచిన ప్రతి గట్టు మీదా అదే మాట చెప్పుకున్నాడు.

నిజానికి ప్రోగ్రాం రాసింది నేను కాదు, లెక్కా నాది కాదు. నేను చేసిందల్లా మూటకట్టడం, మధ్యలో ఒక పంక్తి పారేయడం. ఇప్పుడు చెన్నైలో ఇంకొకరి ప్రోగ్రాంలు సరిచూసే ఉద్యోగంలో ఉన్నాను, రోజుకి ఎన్ని సవరణలు పంపుతానో నాకే తెలియదు. పెదనాయనకు పంపవలసిన ఆ ఒక్క సవరణ మాత్రం ఇంతవరకూ పంపలేదు. పంపే ఉద్దేశం కూడా లేదు.