కమాను పక్కనుంచి పోయిన ట్రాన్స్‌ఫార్మర్

పెద్ద బరువుల ట్రెయిలర్ నడిపేవాడికి అసలు కష్టం బరువు కాదు, దాని వెంట వచ్చే తెలివైనవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉండి నేను తెలుసుకున్నది ఇంతే.

ఆ వేసవిలో పన్నెండు ఇరుసుల ట్రెయిలర్ మీద ఓ ట్రాన్స్‌ఫార్మర్‌ను అడవి అంచున కడుతున్న సబ్‌స్టేషన్‌కు తీసుకుపోతున్నాను. మనిషి నడిచినంత వేగం. ముందు ఇద్దరు వెదురు కర్రలతో కరెంటు తీగలు ఎత్తుతుంటే, వెనక ఏసీ కారులో మా కంపెనీ సర్వే ఇంజనీరు వచ్చేవాడు. దారిలో ప్రతి వంతెనా, ప్రతి మలుపూ కొలిచి ఆయన తయారుచేసిన రిపోర్టు చాలా లావుగా ఉండేది.

జూలూరుపాడు దాటాక ఒక ఊరి ముందు సిమెంటు కమాను అడ్డొచ్చింది. మా లోడు దానికంటే అడుగున్నర ఎత్తు. రిపోర్టు తెరిచి చూస్తే, కమాను ఫోటో ఉంది. ఫోటోలో కారు వైపర్ కూడా ఉంది. మహానుభావుడు కొలవడానికి కారు దిగలేదన్నమాట.

ఆ కమాను కట్టించిన స్థానిక నాయకుడు మందితో వచ్చాడు. ఊరి అభివృద్ధికి ప్రాణమైనా ఇస్తాడట, కానీ తండ్రి పేరున్న కమాను మీద సుత్తి పడనివ్వడట. అరగంట ఉపన్యసించి, ట్రాన్స్‌ఫార్మర్ ముందు ఫోటోలు దిగి వెళ్ళిపోయాడు.

ఇక రోడ్డు దిగి చుట్టి రావాలి. ఎడమ పక్క ప్లాట్లు వేసి చదును చేసిన మైదానం. కుడి పక్క పత్తి తీసేసిన చేను. ఇంజనీరు ఫోనులో మ్యాపు చూసి ఎడమ పక్కకు వేలు చూపించాడు. అప్పుడు ఆ చేను గల ముసలమ్మ, కోయామె, వచ్చి నిలబడింది.

"అటు పోకుండ్రి సారూ. అది పాత వాగు. మొరం పోసి మూసిండ్రు. అడుగున నీళ్ళుంటయ్. నా చెలకల నుంచి పోండ్రి, జానెడు తవ్వితే రాయి తగుల్తది."

ఆయన ఆమె వైపు చూడనైనా లేదు. ఈ ముసలామెకు ఒక నీళ్ళ సీసా ఇచ్చి నీడకు పంపమని సూపర్‌వైజర్‌కు చెప్పాడు. తన చేను గుండా పొమ్మంటోందంటే నష్టపరిహారం కోసమేనని ఇంగ్లీషులో నవ్వాడు.

నేను అంతకుముందే ఆ మైదానంలో నడిచి చూశాను. చెప్పుల కింద నేల మెత్తగా లోపలికి పోయింది. ఆ మాట చెప్పాల్సింది. చెబితే, నువ్వు ఇంజనీరువా అంటాడని నోరు మూసుకుని స్టీరింగ్ పట్టుకున్నాను. పిరికివాళ్ళ జాబితా రాస్తే నా పేరు ఆయన పేరుకు దూరంగా ఉండదు.

నలభై అడుగులు కూడా పోలేదు. ముందు ఇరుసులు మొరంలోకి దిగిపోయాయి, బండి ఓ పక్కకు ఒరిగింది. చక్రాల చుట్టూ నల్లటి నీళ్ళు ఊరాయి. జాకీలు, ఇనుప పలకలు పెట్టి వెనక్కి లాగడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఇంజనీరు భూమిని తిట్టాడు, వాతావరణాన్ని తిట్టాడు, చివరికి మ్యాపునూ తిట్టాడు.

మూడో పొద్దున ఆయన నన్ను ముసలామె దగ్గరికి పంపించాడు. తాను వెళ్ళడానికి మొహం చెల్లలేదు కాబోలు. ఆమె పత్తి కట్టె పీకుతోంది. చేను గుండా పోనిస్తావా అవ్వా అని అడిగాను.

"పొమ్మనే గదా మొన్న చెప్పిన," అంది. పీకిన కట్టె పక్కన పడేసి, "ఆ సారును నా ఎనక నడవమను బిడ్డా. నేను యాడ రాయి పెడితే ఆడ నిలవడి చూడమను. అప్పుడు బండి తియ్యి."

ఆయన నడిచాడు. ఎర్రటి ఎండలో, పత్తి మోళ్ళు ప్యాంటు చీరుతుంటే, ఆమె వెనక చివరిదాకా నడిచాడు. ఆమె రాయి పెట్టిన ప్రతి చోటా ఆగి కాలితో తొక్కి చూశాడు. నవ్వు ఆపుకోవడానికి నేను క్యాబిన్‌లో తల దించుకున్నాను. తర్వాత ఆ రాళ్ళ వెంబడే బండి నడిపాను. ఒక్క చక్రం దిగలేదు. మధ్యాహ్నానికల్లా కమాను దాటి రోడ్డెక్కాం.

సబ్‌స్టేషన్ దగ్గర ఇంజనీరుకు శాలువా కప్పారు. 'సర్వే బృందం గుర్తించిన ప్రత్యామ్నాయ మార్గం' అని రిపోర్టులో కొత్త పేజీ చేరింది. డ్రైవరుగా దాని కింద సంతకం చేయమన్నారు. చేశాను.

మరుసటి ఏడు ఖాళీ బండితో అటు వస్తూ ఆగాను. చేలో మా చక్రాల బరువుకు నేల గట్టిపడిన మేర పత్తి మోకాలెత్తు కూడా రాలేదు. దున్నించి ఇస్తామన్న కంపెనీవాళ్ళు ఎవరూ రాలేదని చేలో ఉన్న ముసలామె చెప్పింది. ఆ మైదానం మెత్తగా ఉందని ఆ రోజే నాకు తెలుసని ఆమెకు చెప్పాను.

"అవ్, ఎరికే," అంది ఆమె. "నువ్వు అడుగేసి చూస్తాంటే చూసిన. నువ్వన్నా చెప్తవనుకున్న."

క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె అప్పటికే వంగి కలుపు తీస్తోంది. గట్టు దిగి, బండెక్కి వచ్చేశాను.